నలభై దాటితే

గంటకు నలభై మైళ్లు దాటితే
ఓక్ చెట్ల బాట మూసెయ్యాలి.
కాగితంలో అంతే రాసుంది.
గాజు ఇంటి కప్పు మీద నాలుగు చిన్న గిన్నెలు
రాత్రీ పగలూ గిర్రున తిరుగుతూ లెక్క చెబుతాయి.
వాటి మాటే మాకు శాసనం.

ఈ పొద్దున ఏడింటికి ముప్పైతొమ్మిది.
తాళాల గుత్తి పిడికిట్లో బిగించి
ఒక్క అంకె కోసం కాచుకున్నాను.
రేవులో పడవల తాళ్లు కొరడాల్లా మోగుతున్నాయి.
నైరుతి నుంచి ఉప్పు మోసుకొచ్చి
గాలి నా నోట్లో పెట్టి పోతోంది.

నలభై ఒకటి.

గొలుసు కట్టాను. పలక తగిలించాను.
'ఈదురుగాలి. ప్రవేశం లేదు.'
తన మాట తనకే నచ్చనట్టు
పలక టపటపా కొట్టుకుంది.

చేతికర్ర పొడుచుకుంటూ ఫార్కర్ వచ్చాడు.
ముప్పైయొక్క ఏళ్లు నడుముకు తాడు కట్టుకుని
ఈ కొమ్మల్లో బతికినవాడు.
మోకాలు పోయింది మాత్రం
వంటింటి స్టూలు మీంచి పడి.

"మర్డీనా, ఈ గాలి వీటికి కొత్త చుట్టం కాదే, ఇంటి మనిషి.
నూటయాభై ఏళ్లుగా దీనితోనే కుస్తీ.
ఇది వచ్చే వైపు వేళ్లు తన్నిపెట్టి
దీనికోసమే ఒళ్లు పెంచుకున్నాయి.
తూర్పు గాలి లేచిన రోజు మూయి, ముప్పై ఉన్నా సరే.
ఆకు నిండుగా ఉండి, నేల వాన తాగి
మెత్తబడినప్పుడు మూయి.
అంకెకేం తెలుసు చెట్టు సంగతి?"

ఏం చెప్పను?
ఆ కాగితం గ్లాస్గోలో
గాలి ఆడని గదిలో తయారైంది.

పోయినేడు జులైలో ఒక మధ్యాహ్నం
సాలీడు దారం కూడా కదలలేదు.
నాలుగో ఓక్, ఏం గుర్తొచ్చిందో ఏమో,
పడవంత కొమ్మను బెంచీ మీద వదిలేసింది.
బెంచీ మీది టీచరమ్మ అప్పుడే
బాతుల్ని చూద్దామని లేచి వెళ్లింది.
ఆమె ఫ్లాస్కు రేకులా అణిగిపోయింది.
రిపోర్టులో 'గాలి వేగం' అన్న గడిలో
నేను సున్నా రాశాను, రెండుసార్లు దిద్ది.
నెల తిరక్కుండా జవాబొచ్చింది:
ఇకపై హద్దు యాభై కాదు, నలభై.

నవ్వాను ఆ రోజు.
రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.
ఆ ఫ్లాస్కు మూత ఇంకా నా సొరుగులోనే ఉంది.

పచ్చిక మైదానంలో బడిపిల్లలు
కోట్లు విప్పి తెరచాపల్లా పట్టుకుని
గాలి మీద ఒరిగి నిలబడుతున్నారు.
అక్కడ మూయమని కాగితం చెప్పలేదు.
పడుతున్నారు, లేస్తున్నారు,
ఒకడి టోపీ చెరువు దాటిపోయింది.
ఇలాంటి రోజే కదా, అనుకున్నాను,
తోట నోరు విప్పేది.
ఇలాంటి రోజే కదా మనం తలుపులేసేది.

"చెయ్యి పెట్టి చూడు" అన్నాడు ఫార్కర్,
గొలుసు మీంచి వంగి మొదటి చెట్టును తాకుతూ.
పెట్టాను. బెరడు లోపల
ఓడ అడుగున నిలబడ్డట్టుంది.
వాడి ముఖంలో పాత ఉద్యోగం వెలిగింది.
"చూశావా? ఎంత నిబ్బరమో!"

అప్పుడే నా బూటు కింద నేల
కొంచెం లేచి, కొంచెం దిగింది.
నిద్రపోయేవాళ్ల దుప్పటిలా.

మళ్లీ లేచింది.

ఫార్కర్ చూశాడు.
కర్ర తీసి ఆ మట్టి మీద ఆనించి
మూడు ఊపులు లెక్కపెట్టాడు.
ఏమీ అనలేదు. వెనక్కి అడుగేశాడు,
నన్నూ మోచెయ్యి పట్టి లాగాడు.
పిల్లల కేకల వైపు చూసి,
చాలాసేపటికి, చాలా నెమ్మదిగా అడిగాడు:
"ఇంకో గొలుసుందా?"

సాయంత్రం గిన్నెలు అలిసిపోయాయి.
పన్నెండు చూపిస్తున్నాయి.
పన్నెండైతే బాట తెరవాలి,
కాగితంలో అదీ రాసుంది.
గ్లాస్గో నుంచి ఫోన్ మోగుతోంది.
మొదటి ఓక్ మీద ఒక పిట్ట వాలి
కదలని కొమ్మను నమ్మి పాడుతోంది.

తాళంచెవి జేబులోంచి తియ్యలేదు.